టీకాకు తోడైన చెట్టు సారము

(హనుమాన్ జంక్షన్‌లో మామిడి, పాడి రైతుల సమావేశంలో ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠము)



తొలకరికి ముందు పశువులకు టీకాలు వేసే రోజులు వచ్చినప్పుడల్లా ఊరూరా మాకు వినవచ్చే మాట ఒకటున్నది. "కిందటేడు సూది వేయించినామండీ. మెడ మీద గడ్డ కట్టినది. రెండు పూటలు పాలు తగ్గినవి. ఈ ఏడు మా గేదెను వదిలిపెట్టండి." ఈ మాట అనేవారు పశువు మీద ప్రేమ లేనివారు కారు. ప్రేమ ఉన్నందుననే అంటారు. కాని వారు భయపడే ఆ గడ్డ ఎందుకు వస్తుందో, టీకా సీసాలో సూక్ష్మజీవితో పాటు ఇంకా ఏమేమి ఉంటాయో వారికి ఎవరూ విడమరచి చెప్పలేదు. ఈ పూట ఆ సంగతే చెప్పదలచినాను. అందులో ఒక చెట్టు పట్ట కథ కూడా ఉన్నది. తోటలు పెంచే మీకు అది ఆసక్తిగా ఉండవచ్చును.

జిగురు మందు వంటిదే ఇది

నూజివీడు వైపు నుండి వచ్చిన మామిడి రైతులకు ఒక ప్రశ్న. పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొట్టేటప్పుడు తొట్టిలో జిగురు మందో, కొంచెం సబ్బు నీళ్ళో ఎందుకు కలుపుతారు? ఆ సబ్బుకు పురుగును అదుపు చేసేటంత శక్తి లేదని మీకు తెలుసు. మామిడి ఆకు నున్ననిది. ఉత్త మందు కొట్టితే చుక్కలై జారిపోతుంది. జిగురు కలిస్తే మందు ఆకును పట్టుకొని నిలుస్తుంది. వేప కషాయంలో సబ్బు కలపడంలో కిటుకు కూడా ఇదే. పని మందుది, తోడు జిగురుది.

టీకాలో కూడా సరిగా ఇటువంటి తోడు ఒకటి ఉంటుంది. శాస్త్రజ్ఞులు దానిని అడ్జువెంట్ అంటారు. అనగా సహాయక ద్రవ్యము. పిచికారీ మందులో కలిపే జిగురుకు కూడా వారు ఇదే పేరు వాడతారు. కాకపోతే టీకాలోని తోడు చేసే పని అంటించడం మాత్రమే కాదు. అది ఒంటిని మేలుకొలుపుతుంది.

చంపిన సూక్ష్మజీవులను గాని, విరుగుడు చేసిన వాటి విషమును గాని ఉత్తగా పశువు ఒంట్లోకి ఎక్కించినామనుకోండి. ఒంట్లో కాపలా తిరిగే కణాలు వాటిని చూచి, "ఇది చచ్చిన సరుకు, ప్రమాదము లేదు" అన్నట్లు ఊడ్చి పారవేస్తాయి. శత్రువు ముఖం సరిగా గుర్తు పెట్టుకొనవు. కొన్ని నెలల తరువాత నిజమైన రోగం వచ్చినప్పుడు పోల్చుకొనలేవు. అందుచేత టీకాతో పాటు, ఒంటిని కొంచెం గిల్లి, "ఇక్కడ ఏదో జరుగుచున్నది, రండి" అని కాపలా కణాలను పిలిచే పదార్థం కావలసి వచ్చినది. అవి సూది గుచ్చిన చోట గుమిగూడుతాయి. అక్కడ వేడి, వాపు కలుగుతాయి. మీరు చూచే గడ్డ చాలవరకు అదే. అది రోగము కాదు. పశువు ఒళ్ళు పాఠం నేర్చుకొనుచున్న గుర్తు.

గుర్రాల పుండ్లు నేర్పిన పాఠము

ఈ సంగతి మొదట కనిపెట్టినది కూడా ఒక పశువైద్యుడే. ఫ్రాన్సు దేశంలో, పారిస్ నగరానికి చేరువనున్న పాశ్చర్ సంస్థ శాఖలో గాస్టన్ రామన్ అనే ఆయన పనిచేసేవాడు. ఆ కాలంలో పిల్లల గొంతుకు వచ్చే కంఠసర్పి రోగానికి మందును గుర్రాల రక్తం నుండి తీసేవారు. గుర్రానికి ఆ రోగపు విషమును విరుగుడు చేసి ఎక్కిస్తే, దాని రక్తంలో ప్రతివిషము తయారయ్యేది. రామన్ ఒక వింత గమనించినాడు. సూది గుచ్చిన చోట చీము పట్టి పుండు పడిన గుర్రాలలో ప్రతివిషము మిగిలిన వాటికంటే హెచ్చుగా ఉన్నది.

ఇతరులైతే పుండు మాన్పి ఊరుకొనేవారు. ఆయన మాత్రం, ఆ వాపు వలన మేలు కలుగుచున్నదేమో అని ఆలోచించినాడు. కావాలని వాపు కలిగించుటకు టీకాలో రకరకాల పదార్థాలు కలిపి చూచినాడు. 1925లో ఆ ఫలితాలు ప్రకటించినాడు. ఆయన కలిపిన వాటిలో ముఖ్యమైనది ఏదనుకొన్నారు? టాపియోకా, అనగా కర్రపెండలం పిండి! మన సామర్లకోట, పెద్దాపురం ప్రాంతాలలో ఏ దుంప నుండి సగ్గుబియ్యం చేస్తారో ఆ దుంప పిండియే. టీకాలో పిండి కలిస్తే, ఒట్టి టీకా కంటే ఎక్కువ రక్షణ వచ్చినది. ఇట్లు సూక్ష్మజీవుల రోగాలకు వేసే టీకాలో తోడుగా నిలిచిన తొలి పదార్థాలలో ఒకటి మొక్క నుండి వచ్చినదే.

మరుసటి ఏడు, 1926లో, ఇంగ్లండులో గ్లెన్నీ అనే శాస్త్రజ్ఞుడు పటికను ఉపయోగించినాడు. పిండి కంటే పటికను శుద్ధి చేయడం, కొలవడం తేలిక. అందుచేత అది నిలిచిపోయినది. పటిక జాతి లవణాలు నేటికీ మనుష్యుల టీకాలలోను, పశువుల టీకాలలోను ఉన్నవి. పటిక మందును ఒకచోట నిలువ ఉంచి మెల్లగా వదలుతుందని పూర్వం అనుకొనేవారు. అది కొంతవరకే నిజమని, కాపలా కణాలను పిలుచుటయే దాని ముఖ్యమైన పని అని తరువాతి పరిశోధనలు చూపినవి.

కుంకుడు నురుగు, కిల్లాయా పట్ట

ఇక చెట్టు పట్ట కథ. కుంకుడు కాయను నీళ్ళలో పిసికితే నురుగు వస్తుంది. శీకాయలోను ఆ గుణమే ఉన్నది. ఈ నురుగుకు కారణమైన పదార్థాన్ని సపోనిన్ అంటారు. ఒక్క పదార్థము కాదు, అదొక పెద్ద కుటుంబము. తలంటు పోసుకొనేటప్పుడు కుంకుడు రసం కంట్లో పడితే ఎంత మంట పుడుతుందో పసిబిడ్డలకు కూడా తెలుసు. ఆ మంట పుట్టించే గుణమే, తగిన కొలతలో వాడితే, టీకాకు తోడవుతుంది. సపోనిన్ కణపు పై పొరలోని కొవ్వు పదార్థమును పట్టుకొంటుంది, ఆ పొరను కదిలిస్తుంది. కాపలా కణాలకు అంతకంటే పెద్ద హెచ్చరిక లేదు.

దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో కిల్లాయా అనే చెట్టున్నది. అక్కడి ఆదివాసులు దాని పట్టను నలగగొట్టి, నురుగు తీసి బట్టలు ఉతుక్కొనేవారు. వారి కుంకుడు అన్నమాట. ప్రపంచంలో టీకాలకు వాడే సపోనిన్ ముఖ్యంగా ఈ పట్ట నుండియే వచ్చినది.

దీనివలన పాడి, గొర్రెల రైతుకు కలిగిన పెద్ద మేలు దొమ్మ రోగపు టీకాలో కనబడుతుంది.

దొమ్మ రోగము, స్టెర్న్ టీకా

దొమ్మ మహా చెడ్డ రోగము. సాయంత్రం మేత మేసి వచ్చిన పశువు తెల్లవారేసరికి పడి ఉంటుంది. ముక్కు నుండి, ఆసనము నుండి గడ్డకట్టని నల్లని రక్తం కారుతుంది. దీనికి కారణమైన సూక్ష్మజీవి గాలి తగలగానే గట్టి గింజ రూపం ధరిస్తుంది. ఆ గింజ భూమిలో దశాబ్దాల తరబడి చావదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో స్కాట్లండు వద్ద గ్రూనార్డ్ అనే దీవిలో బ్రిటిష్ వారు ఈ గింజలతో ప్రయోగాలు చేసినారు. ఆ దీవి నేలను 1986లో మందులతో శుద్ధి చేసినారు. 1990లో గాని అక్కడ అడుగు పెట్టవచ్చునని ప్రకటించలేదు. మన రాష్ట్రంలో విశాఖ మన్యంలో చచ్చిన పశువు మాంసం ముట్టుకొన్న మనుష్యులకు కూడా చర్మంపై దొమ్మ పుండ్లు వచ్చిన సంగతి మీరు పత్రికలలో చదివియుందురు.

1881లో పాశ్చర్ మహాశయుడు ఫ్రాన్సులో పూయీ-ల-ఫోర్ అనే ఊరిలో గొర్రెలను రెండు మందలు చేసి, ఒక మందకు దొమ్మ టీకా వేసి, జనం చూచుచుండగా రెండు మందలకూ రోగం ఎక్కించినాడు. టీకా వేసినవి బ్రతికినవి. వేయనివి చచ్చినవి. కాని ఆ తరహా టీకాలలో జబ్బు చేసే శక్తి ఒక్కొక్కసారి హెచ్చుగా మిగిలిపోయేది. అప్పుడు టీకాతోనే కొన్ని పశువులు చనిపోయేవి. శక్తి మరీ తగ్గిస్తే రక్షణ చాలేది కాదు.

ఈ చిక్కును 1930ల చివరి భాగంలో దక్షిణ ఆఫ్రికాలోని ఓండర్‌స్టెపూర్ట్ పశువైద్య సంస్థలో మాక్స్ స్టెర్న్ విడదీసినాడు. దొమ్మ సూక్ష్మజీవి తన చుట్టూ ఒక తొడుగు కట్టుకొంటుంది. ఆ తొడుగు ఉన్నందున ఒంటి కాపలా దానిని పట్టుకొనలేదు. ఆయన తొడుగు కట్టలేని ఒక తెగను వేరు చేసినాడు. దాని పేరు 34ఎఫ్2. అది పశువును చంపలేదు. కాని దాని గింజలను ఉత్తగా ఎక్కిస్తే ఒళ్ళు వాటిని త్వరగా తుడిచివేస్తుంది. అందుచేత గింజలను గ్లిసరిన్, ఉప్పునీటిలో ఉంచి, దానికి సపోనిన్ కలిపినారు. సపోనిన్ ఆ చోట కొంచెం వాపు తెస్తుంది. ఆ వాపులో గింజలు కొంతకాలం నిలిచి మొలకెత్తుటకు, ఒళ్ళు వాటిని గుర్తించుటకు వ్యవధి దొరుకుతుంది. మెత్తని దుక్కిలో విత్తనం పడినట్లన్నమాట.

ఎనభై ఏండ్లు దాటినా పశువుల దొమ్మకు ప్రపంచంలో ఎక్కువగా వాడేది ఈ స్టెర్న్ తెగ టీకాయే. మన దేశంలోను అదే వాడతారు. ఒక్క మోతాదుతో సుమారు ఏడాది రక్షణ. బాక్టీరియా రోగానికి వేసే టీకాలో చెట్టు సారము ఇంతకాలము, ఇన్ని దేశాలలో పనిచేయుటకు ఇంతకంటే మంచి నిదర్శనము లేదు.

సపోనిన్ తోడు బాక్టీరియా టీకాలకే పరిమితము కాలేదు. గాలికుంటు వ్యాధి వైరస్ వలన వస్తుంది. దాని టీకాలో సపోనిన్ కలిపితే బలం హెచ్చుతుందని 1951 నాటికే అర్జెంటీనాలో చూపినారు. అల్యూమినియం లవణముతో పాటు సపోనిన్ కలిపిన గాలికుంటు టీకాలు ఆ తరువాత అనేక దేశాలలో వ్యాపించినవి.

ఏ టీకాలో ఏ తోడు

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పవలెను. అన్ని టీకాలలోను చెట్టు సారము ఉండదు. మన ప్రాంతపు గేదెలకు ప్రాణగండమైన గొంతువాపు, మీరు గురక వ్యాధి అనేది, దానికి రెండు తరహాల టీకాలు ఉన్నవి. ఒకటి పటిక కలిపినది. రక్షణ నాలుగు నుండి ఆరు నెలలు. రెండవది శుద్ధి చేసిన ఖనిజ నూనె కలిపినది. చిక్కగా ఉంటుంది, సూదిలోంచి దిగుట కష్టము, గడ్డ కొంచెం పెద్దదవుతుంది. కాని రక్షణ తొమ్మిది నెలల నుండి ఏడాది వరకు ఉంటుంది. సూక్ష్మజీవి రెండింటిలోను ఒక్కటే. మారినది తోడు మాత్రమే. తోడు మారితే రక్షణకాలము రెట్టింపు అగుచున్నది చూచినారా? జబ్బవాపు టీకాలోను, గొర్రెల చిటుకు రోగపు టీకాలోను పటిక జాతి తోడు ఉంటుంది.

కనుక "గడ్డ రాని టీకా ఉంటే వేయండి" అని అడిగే రైతు, తెలియకయే, "బలము తక్కువైన టీకా వేయండి" అని అడుగుచుండవచ్చును. గడ్డ ఎంత పెద్దదైతే రక్షణ అంత ఎక్కువ అని మాత్రము అనుకొనరాదు. కొన్ని పశువులకు గడ్డ కనబడకుండానే మంచి రక్షణ వస్తుంది. గడ్డ వచ్చినందున టీకా చెడ్డదని అనుకొనరాదు, అంతే.

చెట్టుది గనుక హాని లేదనుట పొరపాటు

చెట్టు సారము అనగానే కొందరు, "అయితే ఇది ప్రకృతి మందు, ఎంత వేసినా హాని లేదు" అంటారు. గన్నేరు కూడా చెట్టే. దాని ఆకు మేసిన పశువు ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. సపోనిన్ నేరుగా రక్తంలో కలిస్తే ఎర్ర కణాలను పగులగొడుతుంది. చేపలు పట్టేందుకు చెరువు నీటిలో నురుగు కాయలు నలిపి వేయడం పూర్వులకు తెలిసిన విద్యయే. ఆ నీటిలో చేపలు తేలుట సపోనిన్ వలననే.

పట్ట నుండి మొదట తీసిన ముడి సారము ఒక్కొక్క దఫా ఒక్కొక్క తీరుగా ఉండేది. 1974లో డెన్మార్కుకు చెందిన డాల్స్‌గార్డ్ దానిని శుద్ధి చేసి, పశువుల టీకాలకు నిలకడగా పనికివచ్చే క్విల్-ఎ అనే సారము తయారుచేసినాడు. అందులోను అనేక సపోనిన్లు కలిసి ఉన్నవి. 1991లో అమెరికాలో షార్లట్ కెన్సిల్, ఆమె సహచరులు వాటిని ఒక్కొక్కటిగా విడదీసి పరీక్షించినారు. అన్నిటికంటె మెండుగా ఉన్నది ఎలుకలకు విషమని తేలినది. దాని పక్కనే ఉన్న 21వ పాలు అంత హాని లేకుండా మంచి తోడుగా పనిచేసినది. ఒకే పట్టలో పక్కపక్కనే మంచిదీ చెడ్డదీ ఉన్నవి. వాటిని ఏరుటకు ఏండ్ల కృషి పట్టినది. క్యూఎస్-21 అనే పేరు ఆ పాలు సంఖ్యను బట్టి వచ్చినదే.

కనుక మన పెరటి కుంకుడు రసమును టీకాలో కలిపితే బలము హెచ్చునేమో అనే ఊహ ఎవరికైనా కలిగితే, దానిని అక్కడనే విడువవలెను. ఇంట్లో తీసిన ఏ రసమును, ఏ కషాయమును సూదిలో పోయరాదు. నురుగు బాగా వచ్చిన మాత్రాన మంచి తోడు కాదు. అణువు ఆకారము, శుద్ధి, కొలత, ఈ మూడింటి మీద మంచి చెడ్డలు ఆధారపడి ఉన్నవి.

మేకలు పెంచేవారికి ప్రత్యేకించి ఒక హెచ్చరిక. దొమ్మ టీకా వేసినప్పుడు మేకలలో ఒక్కొక్కసారి వాపు తీవ్రముగా వస్తుంది. అందుకని మేకలకు వేయవలసి వచ్చినప్పుడు పశువైద్యుడు దగ్గర ఉండి, సీసా మీది మోతాదు తప్పకుండ వేయించవలెను.

మన మొక్కల మీద జరిగిన పరీక్షలు

మన దేశపు మొక్కలలో తోడు కాగలవి లేవా అని మీరు అడుగవచ్చును. పరిశోధకులు వెదకుచున్నారు. శతావరి మన పక్క పిల్లితేగలు అని పేరున్న తీగ. పాలు పెరుగుతాయని దాని దుంప పశువులకు మేపేవారు మీలోనే ఉన్నారు. 2004లో పూనా పరిశోధకులు ఒక పరీక్ష ప్రకటించినారు. కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతములకు పసిపిల్లలకు వేసే మూడు రోగాల టీకాను ప్రయోగశాల ఎలుకలకు వేసి, కొన్నిటికి శతావరి దుంప సారమును నోటిద్వారా పట్టించినారు. పట్టించిన వాటిలో కోరింతదగ్గుకు ప్రతిరక్షకములు హెచ్చినవి. తరువాత ఆ రోగమును ఎక్కించి చూడగా అవి మెరుగుగా తట్టుకొన్నవి. అశ్వగంధ మీద కూడా ఇటువంటి పరీక్షయే జరిగినది.

ఇది మంచి వార్తయే. కాని దీనిని ఉన్నంతవరకే తీసుకొనవలెను. అవి ఎలుకలు, గేదెలు కావు. రెండవది, ఆ ఎలుకలకు టీకా వేసి, పైన తోడు ఇచ్చినారు. తోడు మాత్రమే ఇచ్చి రోగమునకు వదలలేదు. "శతావరి మేపుచున్నాము గదా, గొంతువాపు టీకా ఎందుకు" అనేవారు ఈ రెండవ సంగతి మరువరాదు. జిగురు ఒక్కటే కొట్టితే తేనెమంచు పురుగు చావదు. పాలు లేనిదే తోడు వేసి పెరుగు చేయలేము.

మనుష్యుల టీకాలలో

పశువుల టీకాలలో మొదలైన చెట్టు సారము ఇప్పుడు మనుష్యుల టీకాలలోకి వచ్చినది. క్యూఎస్-21 కలిపిన మలేరియా టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పిల్లలకు సిఫారసు చేసినది. అందులోని ప్రధాన ద్రవ్యమును తయారుచేసే విద్యను మన హైదరాబాదులోని భారత్ బయోటెక్‌కు అప్పగించే ఏర్పాటు ఆ ఏడే ప్రకటింపబడినది. 2023లో ఆ సంస్థ సిఫారసు చేసిన రెండవ మలేరియా టీకాలో కూడా కిల్లాయా సపోనినే తోడు. దానిని పూనాలోని సీరం సంస్థ తయారుచేయుచున్నది.

మలేరియా బాక్టీరియా రోగము కాదు. బాక్టీరియా రోగాలలో క్షయ మనకు అన్నిటికంటే బరువైనది. ఉన్న బి.సి.జి. టీకా పసిపిల్లలను కాపాడుతుంది గాని, పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను చాలినంతగా ఆపదు. క్యూఎస్-21 తోడుగల ఎం72 అనే కొత్త క్షయ టీకాను ఆఫ్రికాలో పెద్దవారికి వేసి మూడేండ్లు చూడగా, రోగము దాదాపు సగానికి తగ్గినదని 2019లో ప్రకటించినారు. వేలాదిమందిపై పెద్ద పరీక్ష 2024లో ఆరంభమైనది. ఆ పరీక్ష తేలినగాని ఇంతకంటె చెప్పరాదు.

తోటల రైతులకు తోచే ప్రశ్న ఒకటున్నది. ఇన్ని టీకాలకు పట్ట ఒలుచుచు పోతే ఆ చెట్లు ఏమి కావలెను? ఈ ఆందోళన శాస్త్రజ్ఞులకూ కలిగినది. కిల్లాయా చెట్టు ఎదుగుటకు చాలా ఏండ్లు పడుతుంది. 2024లో అమెరికా పరిశోధకులు ఆ చెట్టులోని జన్యువులను, మరికొన్ని జీవుల జన్యువులను, రొట్టెల పిండి పులియబెట్టే ఈస్టు కణములో చేర్చి, క్యూఎస్-21ని తొట్టిలో తయారుచేయవచ్చునని చూపినారు. వచ్చినది కొద్ది పాళ్ళలోనే. అయినను చెట్టును నరకకుండ దాని విద్యను నేర్చుకొనే దారి తెరిచినారు.

మీరు చేయవలసినది

ఇన్ని దేశాలు తిరిగి మన పశువుల పాకకు వత్తాము. మంచి తోడున్న టీకా కూడ పాకలో చేసే కొన్ని తప్పుల వలన వమ్మగుచున్నది. కనుక ఈ సంగతులు గుర్తుంచుకొనండి.

1. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకు ముందే, ఏటేటా వేయించవలెను. టీకా వేసిన నాటి నుండి రక్షణ వచ్చుటకు రెండు మూడు వారాలు పడుతుంది. మొదటి వాన కురిసిన పిదప పరుగెత్తితే ఆలస్యమే. గొంతువాపు వచ్చిన గేదె ఒకటి రెండు రోజులలోనే పోవును.

2. గొర్రెలకు చిటుకు రోగపు టీకా మొదటిసారి వేసినప్పుడు, రెండు వారాల తరువాత రెండవ మోతాదు తప్పక వేయించవలెను.

3. దొమ్మ టీకా అన్ని ఊళ్ళలో వేయరు. రోగము పుట్టిన చోట, దాని చుట్టుపట్ల ఏటా వేస్తారు. ఎరువు కొరకు మామిడి తోటలలో వలస గొర్రెల మందలను కట్టించే రైతులు, మంద ఏ ప్రాంతము నుండి వచ్చినదో, టీకాలు పడినవో లేదో కాపరిని అడిగి తెలుసుకొనవలెను.

4. దొమ్మ టీకాలో ఉన్నవి ప్రాణమున్న గింజలు. ఆ రోజులలో పశువుకు యాంటీబయాటిక్ సూదులు వేస్తే గింజలు చచ్చి టీకా వృథా అగును. పశువు ఏదైనా చికిత్సలో ఉంటే ముందుగా చెప్పవలెను.

5. టీకా సీసా చల్లగా, 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉండవలెను. అయితే గడ్డకట్టరాదు. పటిక గాని, నూనె గాని కలిపిన టీకా ఒకసారి గడ్డకట్టితే తోడు విరిగిపోవును. కరిగించినా మరల పనికిరాదు.

6. పటిక టీకా నిలువ ఉన్నప్పుడు తెల్లని మడ్డి అడుగుకు దిగుతుంది. ప్రతి పశువుకు మందు తీసే ముందు సీసాను బాగుగా కదపవలెను. కదపకుంటే మొదటి పశువులకు ఉత్త నీరు, చివరి పశువుకు మడ్డి పడతాయి. టీకా వేసేవారు మరచితే మీరే గుర్తు చేయండి. వారు ఏమీ అనుకొనరు.

7. టీకా వేసిన తరువాత అరగంట సేపు పశువును అక్కడనే ఉంచవలెను. అరుదుగా కొన్నిటికి ఊపిరాడకపోవుట, వణకుట కలుగవచ్చును. వెంటనే వైద్యము చేస్తే తేరుకొంటుంది.

8. ఒకటి రెండు రోజులు కొంచెం జ్వరము, పాలు తగ్గుట, సూది గుచ్చిన చోట గడ్డ కలుగుట సహజము. దానిని పిసకరాదు, కోయరాదు, వాతలు పెట్టరాదు. నీడన కట్టి మంచి మేత, నీరు ఇవ్వవలెను. గడ్డ రోజురోజుకు పెరిగి వేడెక్కినా, చీము పట్టినా, పశువు మేత మానినా పశువైద్యునికి చూపండి. ఆసుపత్రి దూరమైతే 1962 సంఖ్యకు ఫోను చేస్తే సంచార వైద్య వాహనము వస్తుంది.

9. దొమ్మ అనుమానమున్న కళేబరమును కోయరాదు, చర్మము ఒలువరాదు. కోస్తే గాలి తగిలి సూక్ష్మజీవులు గింజలగును. అవి మీ మనుమల కాలము వరకు ఆ నేలలో ఉండును. పశువైద్యునికి కబురు పెట్టి, ఆయన చెప్పినట్లు కాల్చవలెను, లేదా ఆరడుగులకు తక్కువ కాని గోతిలో పాతవలెను.

గేదె పాల మీద పిల్లల చదువు, పంటల మదుపు నడిచే ఇళ్ళు ఈ సభలో చాలా ఉన్నవి. రెండు పూటల పాలు తగ్గుట నష్టమే, కాదనను. కాని గేదెయే పోతే తగ్గినది రెండు పూటల పాలు కాదు. ఈసారి మీ గేదె మెడ మీద చిన్న గడ్డ కనబడినప్పుడు చేతితో తాకి చూడండి. లోపల కాపలా వారు పనిలో ఉన్నారు. వారిని ఆ పని చేయనివ్వండి. వచ్చే ఏడు టీకా వేసేవారు వచ్చినప్పుడు, గేదెను పొలానికి తోలకుండ గాటికి కట్టి ఉంచండి.